గని కార్మికుడి కిటికీలో రిఫార్మ్ పోస్టరు: బ్రిటన్‌లో వర్గం ఓటు ఎటు పోయింది?

డర్హం_బాటసారి
ఇంగ్లండ్ ఈశాన్యాన, డర్హం కౌంటీలోని ఒక పాత గనుల ఊళ్లో మూడేళ్లుగా అద్దెకు ఉంటున్నాను. మా పక్కింటి పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన పదహారో ఏట గనిలోకి దిగి, గనుల మూసివేతకు వ్యతిరేకంగా జరిగిన 1984-85 సమ్మెలో ఏడాది పొడవునా జీతం లేకుండా నిలబడ్డ మనిషి. యూనియన్ పతాకం ముందు తీయించుకున్న ఫొటో ఆయన ముందుగదిలో ఇప్పటికీ వేలాడుతోంది. 2025 మేలో కౌంటీ కౌన్సిల్ ఎన్నికలు వచ్చినప్పుడు అదే గది కిటికీకి రిఫార్మ్ పార్టీ పోస్టరు అంటించారు, కన్సర్వేటివ్‌లకంటే కుడివైపున ఉండే కొత్త పార్టీ అది. మరోపక్క, నేను పనిచేసే ఆసుపత్రిలో మా విభాగం పెద్ద డాక్టరు రెండు ఇళ్లున్న ఆసామి, పిల్లలను ఫీజులు కట్టి ప్రైవేటు బడిలో చదివించుకున్నవాడు. తాను మాత్రం జీవితంలో కార్మికుల పార్టీగా పుట్టిన లేబర్‌కు తప్ప మరొకరికి వేయలేదని చెబుతారు. డిగ్రీలో మా రాజనీతిశాస్త్రం మాస్టారు "మనకు కులం ఎలాగో బ్రిటన్ వారికి వర్గం అలాగ" అని ఒక్క ముక్కలో తేల్చేవారు, పరీక్షలో ఆ ముక్క రాస్తే మార్కులు కూడా వేసేవారు. ఆ ముక్క అప్పటికే తప్పా, తర్వాత తప్పయిందా, లేక నాకు తారసపడ్డ ఈ ఇద్దరే మినహాయింపులా? తెలిసినవారు చెప్పండి.

గణాంకాల_గంగులు
మీ మాస్టారు చెప్పింది తప్పు కాదు, పాతది. బ్రిటిష్ పార్టీ రాజకీయాలకు వర్గమే పునాది, తక్కినదంతా పైపై అలంకారం అనే అర్థం వచ్చే మాటను పీటర్ పుల్జర్ అనే ఆచార్యుడు 1967లో రాశాడు. అప్పటి లెక్కలు ఆయన వైపే ఉన్నాయి. 1964 ఎన్నికల సర్వేల ప్రకారం చేతిపని చేసుకునే వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది లేబర్‌కు వేస్తే, ఆఫీసు ఉద్యోగాల వారిలో ఇంచుమించు అంతే నిష్పత్తిలో కన్సర్వేటివ్‌లకు వేశారు. 2019కి వచ్చేసరికి యూగవ్ అనే సంస్థ సర్వేలో చేతిపని, తక్కువ ఆదాయ శ్రేణుల వారిలో కన్సర్వేటివ్‌లకు 48 శాతం, లేబర్‌కు 33 శాతం వచ్చింది. పై శ్రేణుల వారిలో 43, 33. అంటే కన్సర్వేటివ్‌లు కలవారి దగ్గరకంటే లేనివారి దగ్గరే ఎక్కువ ఆదరణ పొందారు. మీ పక్కింటాయన మినహాయింపు కాదు, మీ పెద్ద డాక్టరూ కాదు.

అయితే 1964లో కూడా మూడో వంతుకు కాస్త తక్కువ మంది కార్మికులు కన్సర్వేటివ్‌లకే వేశారన్న సంగతి మరవకూడదు. దేశంలో అప్పుడు కార్మికులే అధిక సంఖ్యలో ఉండేవారు కాబట్టి, వారిలో కొందరి ఓటు లేకుండా ఆ పార్టీ ఎన్నడూ గెలిచి ఉండేది కాదు. కార్మికవర్గం మొత్తం ఒకే గూటిలో ఉండేదన్నది మనం ఊహించుకున్న స్వర్ణయుగం.

అనుమానాల_అప్పారావు
గంగులు గారు, ఆ సర్వేలలో కార్మికుడు అంటే ఎవరు? నిర్వచనం చెప్పకుండా శాతాలు చెబితే నాకు అరగదు.

గణాంకాల_గంగులు
తగిన ప్రశ్నే. సర్వే సంస్థలు ఇంట్లో ప్రధాన సంపాదనపరుడి పనిని బట్టి ఏ, బీ, సీ1, సీ2, డీ, ఈ అని ఆరు మెట్లు కడతాయి. సీ2 అంటే నైపుణ్యం ఉన్న చేతిపనివారు, డీ అంటే నైపుణ్యం అంతగా అవసరం లేని పనివారు. ఆఖరిదైన 'ఈ' అక్షరపు మెట్టులో నిరుద్యోగులతో పాటు కేవలం ప్రభుత్వ పింఛనుపై బతికే వృద్ధులూ ఉంటారు. అప్పు తీరిపోయిన సొంత ఇంట్లో ఉన్న డెబ్బై అయిదేళ్ల ముసలాయన, అద్దె గదిలో ఉంటూ గోదాములో రాత్రి షిఫ్టు చేసే పాతికేళ్ల కుర్రాడు, ఇద్దరూ ఒకే కింది మెట్ల గుంపులో లెక్కకు వస్తారు. అదే ఊళ్లో ఇరవై ఆరేళ్ల కాల్ సెంటర్ ఉద్యోగిని, జీతంలో సగం అద్దెకు పోతున్నా, సీ1 అయి పైమెట్టు ఎక్కుతుంది. కాబట్టి పైన నేను చెప్పిన 48, 33 అంకెలను కొంచెం ఉప్పు తగ్గించి తినండి.

అదే సర్వేలో వయసు చూస్తే కళ్లు తిరుగుతాయి. 18 నుంచి 24 ఏళ్ల వారిలో లేబర్‌కు 56 శాతం, కన్సర్వేటివ్‌లకు 21. డెబ్బై దాటిన వారిలో కన్సర్వేటివ్‌లకు 67, లేబర్‌కు 14. చదువులోనూ అంతే. డిగ్రీ ఉన్నవారు లేబర్ వైపు, పదహారేళ్లకే బడి మానినవారు కన్సర్వేటివ్ వైపు మొగ్గారు.

సర్రే_సుబ్బారావు
అంటే మన ఇళ్లలో తాతకూ మనవడికీ టీవీ దగ్గర జరిగే గొడవే అక్కడ బ్యాలెట్ పెట్టె దగ్గర జరుగుతోందన్నమాట.

నల్లబంగారం
మా నాన్న సింగరేణిలో పనిచేశారు, నేను నాటింగ్‌హామ్‌షైర్‌లో మాన్స్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాను. బాటసారి గారి ఊళ్లో తవ్వినదీ మా ఊళ్లో తవ్వినదీ ఒకటే బొగ్గు, కథలు మాత్రం వేరు. 1984లో డర్హం, యార్క్‌షైర్, దక్షిణ వేల్స్ గనులు ఆగిపోయినప్పుడు ఇక్కడి కార్మికులలో ఎక్కువమంది పనిలోకి వెళ్లారు. దేశమంతటా ఓటింగు పెట్టకుండా సమ్మెకు పిలవడం అన్యాయమన్నది వారి వాదన. మా గనుల్లో బొగ్గు దండిగా ఉంది, వీటి జోలికి ఎవరూ రారు అన్న ధీమా కూడా లోపల ఉండే ఉంటుంది. 1985లో వేరే యూనియనే పెట్టుకున్నారు. చివరికి వారికి దక్కిందీ అదే మూత. జిల్లాలోని ఆఖరి గని థోర్స్‌బీ 2015 జూలైలో ఆగింది, ఆ డిసెంబరులో యార్క్‌షైర్‌లోని కెలింగ్లీతో దేశంలో లోతు గనుల కథే ముగిసింది.

ఓట్ల సంగతికి వస్తే, మాన్స్‌ఫీల్డ్ 2017లో మొట్టమొదటిసారి కన్సర్వేటివ్‌ల చేతికి పోయి, 2024లో లేబర్‌కు తిరిగి వచ్చింది. పక్కనున్న ఆష్‌ఫీల్డ్ 2019లో కన్సర్వేటివ్‌లకు, 2024లో రిఫార్మ్‌కు వెళ్లింది. రెండుసార్లూ గెలిచిన మనిషి మాత్రం లీ ఆండర్సన్ ఒక్కరే. ఆయన ఒకప్పుడు గనిలో పనిచేసినవాడు, ఆ తర్వాత లేబర్ కౌన్సిలర్, ఆ తర్వాత కన్సర్వేటివ్ ఎంపీ, ఇప్పుడు రిఫార్మ్ ఎంపీ. కండువాలు మార్చడంలో మనవారిదే గుత్తాధిపత్యం అనుకునేవారు ఒకసారి ఆష్‌ఫీల్డ్ చూసి రావాలి.

అదే డర్హం తీరంలోని ఈజింగ్టన్ 2019 గాలిలో కూడా లేబర్‌తోనే నిలిచింది. పని ఒకటే, కూలి ఒకటే, యూనియన్ చరిత్ర వేరు. వర్గం ఎంత గట్టిదో అది కూర్చున్న ఊరి జ్ఞాపకం చెబుతుందని నేను అంటాను.

అనుమానాల_అప్పారావు
జ్ఞాపకమే ఓటు వేయిస్తే, 2025 మేలో డర్హంలో జరిగినదేమిటి? మొత్తం 98 స్థానాల్లో రిఫార్మ్‌కు 65, లేబర్‌కు 4. లేబర్ పార్టీ దేశంలో మొట్టమొదట, 1919లో, గెలుచుకున్న కౌంటీ కౌన్సిల్ అదే. జ్ఞాపకం అంత గట్టిదైతే నాలుగుకు దిగుతుందా? ఒక ఈజింగ్టన్‌ను పట్టుకుని సూత్రం కట్టడం నాకు నచ్చలేదు. అదే కౌంటీలో బిషప్ ఆక్లండ్, టోనీ బ్లెయిర్ ప్రాతినిధ్యం వహించిన సెడ్జ్‌ఫీల్డ్ రెండూ 2019లోనే పోయాయి.

నల్లబంగారం
జ్ఞాపకం పతనాన్ని ఆపుతుందని నేను అనలేదు, ఆలస్యం చేస్తుందని అంటున్నాను. గని మూసిన ముప్పై, నలభై ఏళ్లకు ఆ ఊళ్లో గనిలోకి దిగినవారు ఎందరు మిగులుతారు? యూనియన్ ఆఫీసు, క్లబ్బు, వాయిద్య బృందం, సహకార దుకాణం, వీటన్నిటి మధ్య పెరిగినవాడికి లేబర్ ఓటు ఇంటిపేరులాగా వచ్చేది. ఇప్పుడు ఆ ఊళ్లో క్లబ్బు మూతపడింది, దుకాణం స్థానంలో పందెం కాసే షాపు వచ్చింది. కొడుకు లీడ్స్‌కో లండన్‌కో వెళ్లిపోయాడు. వెళ్లినవాడు అక్కడ లేబర్‌కో గ్రీన్స్‌కో వేస్తున్నాడు, ఉన్నవాడు ఇక్కడ ఆ ఓటు వేయడం లేదు.

లివర్‌పూల్_శారద
నల్లబంగారం గారి మాటకు మా ఊరు ఇంకా పెద్ద సాక్ష్యం. ఇప్పుడు లివర్‌పూల్ అంటే లేబర్ కంచుకోట అని అందరికీ తెలుసు, వాల్టన్ నియోజకవర్గంలో 2017లో ఆ పార్టీకి 85.7 శాతం ఓట్లు పడ్డాయి. కానీ 1950లలో ఇదే ఊరు కన్సర్వేటివ్‌లను గెలిపించేదంటే నమ్ముతారా? ఆనాడు రేవు కూలీ ప్రొటెస్టెంటు అయితే తన మతస్థుల సంఘమైన ఆరెంజ్ లాడ్జిలో సభ్యుడై కన్సర్వేటివ్‌లకు వేసేవాడు, ఐరిష్ మూలాలున్న క్యాథలిక్ అయితే అటు వేసేవాడు కాదు. అంతకుముందు, 1885 నుంచి 1929 వరకు, లివర్‌పూల్‌లోని ఒక నియోజకవర్గం టీ.పీ. ఓకానర్ అనే ఐరిష్ జాతీయవాదిని ఎన్నుకుంటూ వచ్చింది. ఒకే రేవులో ఒకే మూట మోసిన ఇద్దరు కూలీలు వేర్వేరు చర్చిలకు పోయి వేర్వేరు పార్టీలకు ఓటు వేసేవారు.

1983 నుంచి ఈ నగరంలో ఒక్క కన్సర్వేటివ్ ఎంపీ కూడా లేరు. రేవుల పని పోవడం, 1981 టాక్స్‌టెత్ అల్లర్ల తర్వాత ఈ నగరాన్ని మెల్లగా క్షీణించనిద్దామా అని మంత్రి జెఫ్రీ హౌ లేఖలో సూచించిన సంగతి తర్వాత దశాబ్దాలకు బయటపడటం, 1989లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానం తొక్కిసలాటలో చనిపోయిన అభిమానులనే నిందించిన సన్ పత్రికను ఊరు ఊరంతా వెలివేయడం, ఇవన్నీ కలిసి ఒక ఊరి స్వభావాన్ని తయారుచేశాయి. మా వీధి కొట్టులో ఆ పత్రిక నాకు ఇప్పటికీ కనిపించదు. 2016 ప్రజాభిప్రాయ సేకరణలో లివర్‌పూల్ 58 శాతం ఐరోపా సమాఖ్యలోనే ఉందామంది. ఓడల పనీ బొగ్గు పనీ పోగొట్టుకున్న సండర్లాండ్ 61 శాతం వెళ్లిపోదామంది, నిస్సాన్ కార్ల కర్మాగారం ఉండి కూడా. రెండూ పేద రేవు నగరాలే. వర్గం ఒక్కటే చూసేవారు ఈ తేడాను ఎలా వివరిస్తారో వినాలని ఉంది.

గణాంకాల_గంగులు
శారద గారు, లివర్‌పూల్‌లో విశ్వవిద్యాలయాలు, విద్యార్థులు ఎక్కువన్న సంగతిని కూడా తూకంలో వేయండి. అయినా మొత్తం తేడా దానితో తీరదని ఒప్పుకుంటాను.

సర్రే_సుబ్బారావు
అందరూ ఉత్తరాదిలోనే తిరుగుతున్నారు, ధనికుల ఊళ్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 2024లో బోరిస్ జాన్సన్ పాత నియోజకవర్గం హెన్లీ, థెరిసా మే పాత నియోజకవర్గం మేడెన్‌హెడ్, డేవిడ్ కామెరాన్ పాత నియోజకవర్గం విట్నీ, మూడూ లిబరల్ డెమొక్రాట్‌ల పరమయ్యాయి. టన్‌బ్రిడ్జ్ వెల్స్ కూడా అంతే, కోపిష్ఠి కన్సర్వేటివ్ పెద్దమనిషి అనగానే ఆంగ్లేయులకు గుర్తొచ్చే ఊరది. మా వీధిలో ఇళ్ల ధరలు చెబితే మీరు నన్ను ఈ చర్చ నుంచి గెంటేస్తారు, కానీ ఎన్నికల నెలలో ఆ పార్టీ నారింజ రంగు బోర్డులే ఎక్కువ కనబడ్డాయి. వీళ్లు పేదలైపోలేదు. ఎక్కువమంది చదువుకున్నవారు, లండన్‌కు రైల్లో వెళ్లి పనిచేసేవారు, బ్రెగ్జిట్ నచ్చనివారు. పన్ను తగ్గిస్తామన్న పార్టీని కాదని ఓటు వేశారంటే, జేబు ఒక్కటే ఓటు వేయదని తేలుతోంది. ఇక్కడ లేబర్‌కు వేస్తే ఓటు వృథా అని అందరికీ తెలుసు కనుక ఆ అభిమానులు కూడా నారింజకే వేశారు.

అనుమానాల_అప్పారావు
సుబ్బారావు గారు మీ ఇంటి ధర చెప్పకపోయినా నేను గెంటేయడానికి సిద్ధమే.

గణాంకాల_గంగులు
ఒక హెచ్చరిక. నియోజకవర్గం ఫలితం చూసి అందులోని మనుషుల మనసు చెప్పడం ప్రమాదం. కెన్సింగ్టన్ పేరు చెబితే రాజభవనాలు గుర్తొస్తాయి, 2017 జూన్ 8న అది 20 ఓట్ల తేడాతో లేబర్‌కు వెళ్లింది. కోటీశ్వరులు ఎర్రజెండా పట్టారని పత్రికలు ఆశ్చర్యపోయాయి. ఆరు రోజుల తర్వాత గ్రెన్‌ఫెల్ టవర్ అనే కౌన్సిల్ ఇళ్ల భవనం కాలిపోయినప్పుడు గాని అదే నియోజకవర్గంలో ఎలాంటి ఇళ్లలో ఎవరు ఉంటున్నారో లోకం చూడలేదు. ఎర్రగోడ అని పిలిచే, ఒకప్పటి లేబర్ కంచుకోటలైన ఉత్తరాది సీట్ల విషయంలోనూ అంతే. ఆ ఊళ్లలో 2019లో కన్సర్వేటివ్‌ల వైపు తిరిగింది ఎక్కువగా సొంత ఇళ్లున్న పెద్ద వయసు వారని నా అభిప్రాయం. గోదాము షిఫ్టులో ఉన్న కుర్రాడు చాలాచోట్ల ఓటే వేయలేదు.

వీసా_వెంకట్
సొంత ఇళ్ల మాట రెండుసార్లు వచ్చింది. కార్మికులకు అన్ని సొంత ఇళ్లు ఎలా వచ్చాయి?

డర్హం_బాటసారి
మా పక్కింటాయన ద్వారా నాకు తెలిసిన సంగతి ఇది. 1980లో కన్సర్వేటివ్ ప్రధాని థాచర్ ప్రభుత్వం తెచ్చిన గృహ చట్టం స్థానిక కౌన్సిల్ సొంతమైన ఇళ్లలో అద్దెకున్నవారికి తగ్గింపు ధరకు ఆ ఇంటినే కొనుక్కునే హక్కు ఇచ్చింది. ఎన్నేళ్లుగా అద్దెకుంటే అంత తగ్గింపు. లక్షలాది కుటుంబాలు కొనుక్కున్నాయి. కొనగానే మొదట చేసిన పని వీధి తలుపుకు రంగు మార్చడమని ఆయన చెబుతారు, కౌన్సిల్ వారు వీధంతా ఒకే రంగు వేసేవారట. థాచర్ పేరెత్తితే ఇప్పటికీ ఉమ్మేసినంత పని చేస్తారు, ఆ ఇల్లు మాత్రం ఆవిడ చట్టం కిందే కొన్నారు. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందని నేను అడగలేదు. అడిగితే గోడ అవతలి నుంచి చక్కెర అప్పు ఆగిపోతుందేమోనని భయం.

సండర్లాండ్_సునీత
ఇంతసేపూ గనులు, ఇళ్లు, వయసు అంటూ అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారు గాని, అసలు మాట ఎవరూ అనడం లేదు. రిఫార్మ్‌కు ఓటు వేసేవారు వలసల మీద కోపంతో వేస్తున్నారు, ఆ వలసలలో మనం ఉన్నాం. 2024 ఆగస్టులో ఈ నగరంలో అల్లర్లు జరిగిన రాత్రి నేను నర్సుగా డ్యూటీలో ఉన్నాను. తెల్లవారి ఇంటికి బస్సులో వెళ్లడానికి భయమేసి, మేము నలుగురం కలిసి ఒకే కారులో వెళ్లాం. గని మూసేశారు, పాపం కడుపు మండింది అని ప్రతి ఓటుకూ ఒక దుఃఖగాథ అల్లితే, అది మనల్ని మనమే మోసం చేసుకోవడం అవుతుంది. లివర్‌పూల్‌లో కూడా గాయాలున్నాయని శారద గారే చెప్పారు కదా.

డర్హం_బాటసారి
సునీతమ్మా, మీ మాటకు ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. ఆ వారమంతా మా పక్కింటాయన నా డ్యూటీ వేళలు కనుక్కుని, నేను ఇంటికి చేరేదాకా లైటు ఆర్పలేదు. తొమ్మిది నెలల తర్వాత కిటికీకి ఆ పోస్టరు అంటించిందీ ఆయనే. "నువ్వు వేరు" అంటారు. ఆ మాట నాకు ఓదార్పుగానూ లేదు, తిట్టుగానూ లేదు.

సండర్లాండ్_సునీత
"నువ్వు వేరు" అన్న మాట నేను వార్డులో వారానికి ఒకసారి వింటాను. వేరు కానివారు ఎవరో ఇంతవరకు ఒక్కరూ చూపించలేదు.

గణాంకాల_గంగులు
సునీత గారి మాటను అంకెలు కొంతవరకే మోస్తాయి. లింకన్‌షైర్‌లోని బోస్టన్‌కు పొలం పనులకు తూర్పు ఐరోపా నుంచి చాలామంది వచ్చారు, 2016లో అక్కడ 75.6 శాతం వెళ్లిపోదామన్నారు, దేశంలో అంతకంటే ఎక్కువ మరెక్కడా లేదు. డర్హం గనుల ఊళ్లలో వలస వచ్చినవారు చాలా తక్కువ, అయినా గాలి అటే వీచింది. లండన్‌లో 2021 జనగణన నాటికి పదిమందిలో నలుగురు విదేశాల్లో పుట్టినవారే, అక్కడ 59.9 శాతం ఉండిపోదామన్నారు. ఎంతమంది వచ్చారన్నదానికంటే ఎంత త్వరగా వచ్చారన్నది, ఊరు అప్పటికే ఏం పోగొట్టుకుని ఉందన్నది ఎక్కువ పనిచేసినట్టు నాకు కనబడుతుంది.

లోయలో_డాక్టరు
మా పెదనాన్న గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, దక్షిణ వేల్స్ గనుల లోయలోకి వైద్యుడిగా వచ్చి ముప్పై అయిదేళ్లు అక్కడే ఉన్నారు. ఆంగ్లేయ డాక్టర్లు రావడానికి ఇష్టపడని ఆ లోయలలో మన ఉపఖండపు వైద్యులే చాలాచోట్ల ప్రాక్టీసులు నిలబెట్టారు. ఆయన బంగళాలో ఉన్నా, మంచి కారున్నా, ఓటు మాత్రం లేబర్‌కే. ఎందుకంటే ప్రభుత్వ ఉచిత వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌ను 1948లో నెలకొల్పిన అన్యూరిన్ బెవన్ పక్క లోయవాడు, గని కార్మికుడి కొడుకు, తానూ గనిలో పనిచేసినవాడు. "నా జీతం ఆయన పెట్టిన భిక్ష" అనేవారు పెదనాన్న.

వేల్స్‌లో 1922 నుంచి ప్రతి సాధారణ ఎన్నికలోనూ లేబర్‌దే మొదటి స్థానం. 2024లో కూడా 32 సీట్లలో 27 వచ్చాయి. ఆ మరుసటి ఏడాది అక్టోబరులో కెర్‌ఫిల్లీలో వేల్స్ శాసనసభకు ఉప ఎన్నిక జరిగితే, శతాబ్దం పాటు తమదైన చోట లేబర్ మూడో స్థానానికి పడిపోయింది. గెలిచింది వేల్స్ జాతీయవాదుల ప్లయిడ్ కమ్రీ, రెండోది రిఫార్మ్. ఇక్కడ ఒక సంగతి గమనించండి. పోయిన కార్మిక ఓటు ఒకే దిక్కుకు పోలేదు. వేల్స్ భాష, వేల్స్ అస్తిత్వం అనే రెండో గూడు ఉన్నచోట చాలామంది అందులోకి వెళ్లారు. డర్హంలో అలాంటి రెండో గూడు లేదు.

గ్లాస్గో_గిరి
డాక్టరు గారి రెండో గూడు మాట స్కాట్లండ్‌కు ఇంకా బాగా సరిపోతుంది. 1955లో ఇక్కడ కన్సర్వేటివ్‌ల మిత్రపక్షమైన యూనియనిస్టులకు సగానికి పైగా ఓట్లు వచ్చాయి. 1997లో కన్సర్వేటివ్‌లకు ఒక్క సీటు రాలేదు. గ్లాస్గో ఓడల కార్మికుల ఓటు దశాబ్దాలు లేబర్‌ది, 2015లో స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్‌ఎన్‌పీ) 59కి 56 సీట్లు ఊడ్చుకుంటే లేబర్‌కు మిగిలింది ఎడిన్‌బరోలో ఒక్కటి. 2024లో మళ్లీ లేబర్‌కు 37, ఎస్‌ఎన్‌పీకి 9. స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్న ప్రశ్న ముందుకొచ్చిన రోజున పేద, గొప్ప తేడా వెనక బెంచీలో కూర్చుంటుంది. తెలంగాణ ఉద్యమ కాలంలో సింగరేణి యూనియన్ ఎన్నికలు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. 2012లో అక్కడ పాత వామపక్ష సంఘాలను కాదని ఉద్యమ పార్టీ అనుబంధ సంఘం గెలిచింది, 2023 డిసెంబరులో మళ్లీ ఏఐటీయూసీ వచ్చింది.

నల్లబంగారం
2012 ఎన్నికల రోజు మా నాన్న జీవితంలో మొదటిసారి యూనియన్ మార్చి ఓటు వేశారు. పదకొండేళ్ల తర్వాత ఏఐటీయూసీ గెలిచిందని ఫోన్ చేసి నాకు చెప్పిందీ ఆయనే. గిరి గారు నా వాదనకు నాకంటే మంచి ఉదాహరణ ఇచ్చారు.

లెస్టర్_లక్ష్మి
భారతీయుల ఓటు గురించి కూడా ఒక మాట. 1972లో ఉగాండా నుంచి వెళ్లగొట్టిన గుజరాతీలను తమ ఊరికి రావద్దని లెస్టర్ కౌన్సిల్ అక్కడి పత్రికలో ప్రకటన వేసింది, అయినా వారు వచ్చి మిల్లుల్లో చేరి, తర్వాత దుకాణాలు పెట్టి, ఊరినే నిలబెట్టారు. మిల్లులో ఉన్నంతకాలం లేబర్. ఇప్పుడు వారి పిల్లలు ఫార్మసిస్టులు, అకౌంటెంట్లు. 2024లో దేశమంతా కన్సర్వేటివ్‌లు కూలిపోతుంటే, ఆ పార్టీ కొత్తగా గెలుచుకున్న ఒకే ఒక్క సీటు మా లెస్టర్ ఈస్ట్. మాజీ లేబర్ ఎంపీలు ఇద్దరు ఆ పార్టీని కాదని విడివిడిగా నిలబడి లేబర్ ఓటును చీల్చడం ఒక కారణం. హిందూ ఓటర్లు ఎక్కువగా ఉన్న హారో ఈస్ట్‌లో ఆ పార్టీకి సగానికి పైగా ఓట్లు వచ్చాయి. అదే రోజు లెస్టర్ సౌత్, బ్లాక్‌బర్న్, డ్యూస్‌బరీలలో గాజా విషయంలో లేబర్ మీద కోపంతో ముస్లిం ఓటర్లు స్వతంత్రులను గెలిపించారు. కాబట్టి ఆసియా ఓటు అనే ముద్దను ఇక విడదీయాలి. మా తెలుగువారి విందుల్లో వినిపించేది మరో రకం. ఇల్లు కొన్నవాడు పన్ను గురించి, వీసా మీదున్నవాడు వీసాకు కావలసిన కనీస జీతం గురించి మాట్లాడతాడు. ఒకే బల్ల మీద రెండు వర్గాలు పులిహోర తింటుంటాయి.

వీసా_వెంకట్
నేను మాస్టర్స్ చేయడానికి వచ్చినవాణ్ణి. కామన్వెల్త్ పౌరులం కాబట్టి మనకు ఇక్కడ పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు హక్కు ఉందని మా ఇంట్లో ఏడుగురిలో ఇద్దరికే తెలుసు. ఫ్రాన్సు నుంచి వచ్చిన మా సహపాఠికి పార్లమెంటు ఎన్నికల్లో ఆ హక్కు లేదంటే ఆమె నమ్మలేదు. నేను ఏడాదిలో మూడు గదులు మారాను, ప్రతిసారీ పేరు మళ్లీ నమోదు చేసుకోవాలి. గంగులు గారు చెప్పిన గోదాము కుర్రాడు ఎందుకు ఓటు వేయలేదో నాకు బాగా అర్థమైంది, వారాంతాల్లో ఆ కుర్రాడు నేనే.

గణాంకాల_గంగులు
వెంకట్ తమ్ముడు చెప్పింది ఈ చర్చలో అందరం దాటేసిన విషయం. 2024లో ఓటు వేసింది నమోదైనవారిలో సుమారు 60 శాతమే, 2001 తర్వాత అంత తక్కువ లేదు. అద్దె ఇళ్లు, తక్కువ వయసు, తక్కువ ఆదాయం ఉన్నచోట ఇంకా తక్కువ. వర్గం ప్రభావం పార్టీల మధ్య తగ్గి, ఓటు వేసేవారికీ వేయనివారికీ మధ్య పెరిగింది. మనం ఇక్కడ శాతాలు చెప్పుకుంటున్నది పోలింగ్ కేంద్రానికి వచ్చినవారి గురించి మాత్రమే.

ఇక లెక్కింపు పద్ధతి మనదే, ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వారే. లేబర్ 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు తెచ్చుకుంది. రిఫార్మ్‌కు 41 లక్షల ఓట్లు వచ్చినా 5 సీట్లే, లిబరల్ డెమొక్రాట్‌లకు 35 లక్షల ఓట్లకు 72 సీట్లు. ఓటు ఎన్ని వచ్చాయన్నదానికంటే ఏ ఊళ్లలో కుదురుగా పడ్డాయన్నది సీటు ఇస్తుంది. 2025 మేలో రంకార్న్ ఉప ఎన్నికలో రిఫార్మ్ కేవలం 6 ఓట్ల తేడాతో గెలిచింది. వెంకట్ ఇంట్లో ఓటు హక్కు ఉందని తెలియనివారే అయిదుగురు.

అనుమానాల_అప్పారావు
నేను కొంత దిగివస్తున్నాను. వర్గం పోయిందని అనను, వర్గాన్ని కొలిచే బద్ద పాతదైపోయిందని ఒప్పుకుంటాను. ఇల్లు సొంతమా అద్దెదా, పిల్లలు ఊళ్లో ఉన్నారా వెళ్లిపోయారా అని అడిగితే, ఏం పని చేస్తావు అని అడిగినదానికంటే ఎక్కువ తెలుస్తుందనిపిస్తోంది. జ్ఞాపకం సంగతి మాత్రం నల్లబంగారం గారు ఇంకా రుజువు చేయాలి.

డర్హం_బాటసారి
రుజువో కాదో మీరే తేల్చండి. గత జూలైలో డర్హం గని కార్మికుల జాతరకు పెద్దాయనతో కలిసి వెళ్లాను. మూసేసి దశాబ్దాలైన గనుల పతాకాలు ఒక్కొక్కటీ బ్యాండు మేళంతో నగరం వీధుల్లో ఊరేగుతాయి. వాటి మీద లేబర్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన కీర్ హార్డీ, బెవన్ వంటి వారి బొమ్మలు పట్టు గుడ్డ మీద చిత్రించి ఉంటాయి. తమ గని పతాకం వెనక ఆయన టోపీ తీసి నడిచారు, కళ్లు తడిశాయి. పోస్టరు అంటించి అప్పటికి రెండు నెలలే అయింది. తిరుగు బస్సు గంటన్నర రాలేదు. ఆ గంటన్నర ఆయన లేబర్‌నూ, కన్సర్వేటివ్‌లనూ, బస్సు కంపెనీనీ సమానంగా తిట్టారు. రిఫార్మ్ వాళ్లు బస్సు వేయిస్తారా అని అడిగితే, "వేయించరు, కానీ వీళ్లు భయపడతారు" అన్నారు.

లివర్‌పూల్_శారద
ఇంతమంది ఇంత రాశారు, ఆయన భార్య ఎవరికి ఓటు వేశారో మాత్రం ఎవరూ అడగలేదు. 1984లో సమ్మె వంటశాలలు నడిపి ఊళ్లకు అన్నం పెట్టింది ఆడవాళ్లే కదా.

డర్హం_బాటసారి
శారద గారి మాట చదివి నిన్న సాయంత్రం అడిగాను. ఆవిడ ఆ ఏడాదంతా వారానికి అయిదు రోజులు క్లబ్బు హాల్లో రెండు వందల మందికి వండినవారట. "ఎవరికి వేశానో నలభై ఎనిమిదేళ్లుగా మా ఆయనకే చెప్పలేదు, నీకు చెబుతానా" అని నా చేతిలో చక్కెర గిన్నె పెట్టి తలుపు వేసుకున్నారు.